ఇరవై కేజీల లోపు

పనిచెయ్యని మందును ఆపేస్తారు. అందులో వింతేమీ లేదు. బాగా పనిచేసినందుకు ఆపేసిన మందు ఎక్కడైనా ఉందా అంటే, ఒకటుంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ మాణిక్యాంబ కళ్ళెదుటే, పలాసలో, ఒక సోమవారం పూట ఆపేశారు.

పలాసలో నియంత్రిత ఔషధాలిచ్చే కేంద్రమంటే ఒక గది. గదిలో బల్ల, బల్ల మీద ఇనప్పెట్టె, పెట్టె ముందు ఒక పిడి. మందు కావలసిన మనిషి ఆ పిడిని బలమంతా పెట్టి నొక్కాలి. నొక్కేటప్పుడు ముంజేతికి చుట్టిన పట్టీ నరాలను గమనిస్తూ ఉంటుంది. నరం గట్టిగా నొక్కమన్నా చెయ్యి నొక్కలేకపోతే అది నిజమైన నీరసం. నరమే మెల్లగా నొక్కమంటే అది నటన. నటన లేకుండా, పిడి మీద ఇరవై కేజీల లోపు పడితే పెట్టె తెరుచుకుని నెలకు సరిపడా నాలుగు సూదిమందు సీసాలు బయటికొస్తాయి. ఇరవై దాటితే రావు. మగవాళ్ళకైతే ముప్పై రెండు. పెట్టె వచ్చి అప్పటికి వారమే అయింది.

మూడు నెలలకోసారి తన రోగులను చూడ్డానికి విశాఖపట్నం నుంచి వచ్చే మాణిక్యాంబ ఆ రోజు గది గుమ్మంలో నిలబడి ఉంది. ఆ రోగుల్లో ఒకరైన తవిటమ్మ కొంగు నడుముకు దోపి, పిడి పట్టుకుని, పళ్ళు బిగించి నొక్కింది. ఎంత గట్టిగా నొక్కితే డాక్టరమ్మ అంత సంతోషిస్తుందని ఆమె ఆశ. ముప్పై ఒకటి పడింది. మాణిక్యాంబ నిజంగానే సంతోషించింది. అంతలో పెట్టె మీద ఎర్రదీపం వెలిగి, కింద అక్షరాలు నడిచాయి. "మీరు రోగి కారు. ధన్యవాదాలు."

"ఇదేటి బాబూ, సీసాలు రానేదు?" అంది తవిటమ్మ.

మందులిచ్చే జోగారావు పెట్టెను ఒకసారి తట్టి చూశాడు. "రావమ్మా. ఇరవై దాటీసినావు. నువ్వింక రోగివి కాదంట."

ఆమె భర్త ఢిల్లేశ్వరరావు, ఊళ్ళో అందరికీ ఢిల్లేసు, బస్టాండు దగ్గర బళ్ళకు పంక్చర్లు వేస్తాడు. మసి చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "రోగి కాపోతే మంచిదే గదా. మరి సూదులేవి?"

"రోగి కాపోతే సూదులెందుకయ్యా?"

"సూదులున్నాయి గాబట్టే గదా బాబూ రోగి కాకుండా ఉన్నాది."

జోగారావు మంచివాడే. కిందటినెల దాకా తన చేత్తోనే ఆమెకు సీసాలు ఇచ్చినవాడు. గుమ్మంలో ఉన్న మాణిక్యాంబ వైపు, మీరే చెప్పండన్నట్టు చూశాడు. ఆవిడ పెట్టె దగ్గరికెళ్ళి ఆ ఎర్ర అక్షరాలు రెండుసార్లు చదివింది. ధన్యవాదాలన్న మాట దగ్గర ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

మండదూ మరి? తవిటమ్మకు ముప్పై ఒక్కేళ్ళు. తొమ్మిదో ఏట జీడిపిక్కల బట్టీలో పనికి చేరింది. పంతొమ్మిదో ఏట మెట్టెక్కబోయి పడింది. ఇరవై ఎనిమిదొచ్చేసరికి మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేక రెండు చేతులతో పట్టుకుని వంగి తాగేది. ఆమె తల్లీ అదే జబ్బుతో పోయింది. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, చివరికి ఊపిరి పీల్చే కండరాలు. మాణిక్యాంబ మందు మొదలుపెట్టిన మూడేళ్ళకు తవిటమ్మ మళ్ళీ బట్టీలో పిక్కలు కొడుతోంది. ఆ మందు జబ్బును నయం చెయ్యదు, వెనక్కి నెట్టి పట్టుకుంటుంది. వారానికో సూది పడాలి. ఆపితే మూడు నెలల్లో కండ కరిగిపోతుంది. రెండోసారి కరిగింది పూర్తిగా తిరిగిరాదు. ఈ సంగతి ఎలుకల్లో చూసి, రాసి, అచ్చువేసి, నియంత్రిత ఔషధాల మండలివాళ్ళకు మూడు ప్రతులు పంపింది కూడా మాణిక్యాంబే.

* * *

ఆ మందుకు కాగితాల మీద ఒక అక్షరం, మూడంకెలు పేరు. విశాఖపట్నంలోని ప్రయోగశాలలో మాత్రం అందరూ దాన్ని ఊత అనేవాళ్ళు. ఆ జబ్బున్నవాళ్ళ ఒళ్ళు తన కండను తానే అక్కర్లేదనుకుని తీసేస్తూ ఉంటుంది. ఆ తీసివేతను ఆపి, పోయినచోట మళ్ళీ కట్టుకోమని కణానికి చెప్పడమే ఊత చేసే పని. తొమ్మిదేళ్ళ కిందట, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ బతుకుతున్న ఎలుక ఒకటి ఆరో వారం సూది తర్వాత బోను తీగలు పట్టుకుని పైకెక్కి, మూత తోసుకుని బయటపడి, బల్ల కిందికి దూరింది. దాన్ని పట్టుకోవడానికి ఇద్దరు పరిశోధక విద్యార్థులు మధ్యాహ్నమంతా నేల మీద పాకారు. మాణిక్యాంబ కుర్చీలో కూర్చుని నవ్వీ నవ్వీ చివరికి ఏడ్చింది.

ఊత స్టెరాయిడే. అదేమీ దాచుకోవాల్సిన సంగతి కాదు. నాలుగు వలయాలు ఒకదానికొకటి అతుక్కున్నట్టుండే అణువులన్నిటికీ అదే ఇంటిపేరు. ఉబ్బసానికి పీల్చే మందు ఇంటిపేరూ అదే, మన ఒంట్లో ఊరే కొన్ని హార్మోన్ల ఇంటిపేరూ అదే. ఇంటిపేరు ఒకటైతే గుణాలు ఒకటవుతాయా? కావు. కానీ ఆ మాట చెవిన పడితే చాలు, చదువుకున్నవాళ్ళు సైతం గొంతు తగ్గించి, "స్టెరాయిడ్లు ఇస్తున్నారట" అని చెవులు కొరుక్కుంటారు. దానికి తోడు మాణిక్యాంబ తన చేతులారా ఇంకొక మాట జతచేసింది.

మనుషుల మీద ప్రయోగం మొదలైనప్పుడు రోగుల దగ్గర తీసుకోవాల్సిన అంగీకార పత్రం తెలుగులోకి అనువాదమై వచ్చింది. అందులో మందు పేరు "కండర పునరుత్పాదక సంశ్లేషిత కారకము" అని ఉంది. తవిటమ్మ నాలుగో రోగి. ఢిల్లేసు ఆమెను చేతులమీద మోసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె ఆ కాగితాన్ని కూడబలుక్కుని చదివి తల అడ్డంగా ఊపింది.

"సంతకం ఎట్టమంటే ఎడతాను గానీ డాట్రమ్మగోరూ, ఇదేటో నాకు తెలీనేదు."

"నీ కండ కరిగిపోతోంది కదమ్మా. అది మళ్ళీ పెరగడానికి."

"ఓస్. బలానికి మందన్నమాట. అలా రాస్తే అయిపోను గదా."

మన ఊళ్ళల్లో ఆ మాట తెలియనిదెవరికి? జ్వరమొచ్చి తగ్గినా, పురుడు పోసుకున్నా, ఎండదెబ్బ తగిలినా డాక్టరు దగ్గరికెళ్ళి బలానికి మందివ్వమని అడుగుతారు. ఆ అడగడంలో పహిల్వాన్ను చెయ్యమనే కోరిక ఎవరికీ ఉండదు. లేచి తిరిగేలా చెయ్యమని, అంతే. మాణిక్యాంబకు ఆ మాట నచ్చింది. అనువాదకుడి వరుసను కొట్టేసి, పైన తన చేత్తోనే "బలానికి మందు" అని రాసింది. రెండువందల పదకొండుమంది రోగులు ఆ మాట చదువుకుని, అర్థం చేసుకుని సంతకాలు పెట్టారు. తొమ్మిదేళ్ళలో తాను చేసిన అతి తెలివైన పని అదేనని ఆవిడ చాలాకాలం మురిసిపోయింది.

తర్వాత జరిగింది తెలిసిందే. పత్రికలో అచ్చయిన అణువును చూసి ఎక్కడో దొంగ కర్మాగారాలు నకలు తయారుచేశాయి. కబడ్డీ ఆడేవాళ్ళకీ, జిమ్ములకీ, కానిస్టేబుల్ ఉద్యోగాల పరుగుపందెం కోసం తయారయ్యే కుర్రకారుకీ పదింతల మోతాదులో అమ్మారు. పరుగుపందెంలో ఒక యువకుడు గుండె ఆగి చనిపోయాడు. అతని తండ్రి ప్రయోగశాలకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. తిట్టలేదు, ఏమీ అడగలేదు, సాయంత్రం దాకా కూర్చుని లేచి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు మాణిక్యాంబ నియంత్రిత ఔషధాల మండలికి ఉత్తరం రాసింది. ఈ మందుకు తాళం వెయ్యండి, లెక్కలేకుండా ఎవరి చేతికీ పోకుండా చూడండి అని. తాళం అడిగింది తనే. ఎవరైనా ఆ మాట ఎత్తిపొడిస్తే ఆవిడ ఎన్నడూ కాదనలేదు.

మండలి తాళం వేసింది. ఆ ఉత్తర్వు నలభై పేజీలు. పదిహేడో పేజీలో ఇలా ఉంది. "తయారీదారులే స్వయంగా ‘బలానికి మందు’ అని పేర్కొన్నందున, ఇది ప్రధానంగా బలవర్ధక పదార్థమని మండలి భావిస్తున్నది. కావున సామాన్య బలానికి లోబడినవారికే దీనిని అందజేయవలెను." లోబడినవారంటే ఇరవై కేజీల లోపు నొక్కేవాళ్ళు. అంతకు మించి నొక్కేవాళ్ళకిస్తే దుర్వినియోగం. ఇచ్చిన డాక్టరుకు పదేళ్ళు. ప్రయోగశాలలో ఉన్న సీసాల బీరువాకు కూడా మండలి సీలు పడింది. అది పగిలిన రోజున రెండువందల పదకొండుమంది మందూ ఆగిపోతుందని చివరి పేజీలో హెచ్చరిక.

* * *

తవిటమ్మకు సూది ఆగిన దగ్గర్నుంచి ఢిల్లేసు వారం వారం ఫోను చేసేవాడు. రెండో వారం, ఏమీ లేదు బాగానే ఉంది అన్నాడు. మూడో వారం, బట్టీలో మర పిడి చేతిలోంచి జారిందన్నాడు. నాలుగో వారం ఇంకో సంగతి అడిగాడు.

"సోంపేట్లో మనలాంటోలే ఒకలున్నారమ్మగోరూ. ఆలేటి సేత్తన్నారంటే, వచ్చిన సీసాలు పొడుసుకోకుండా దాసీసి, పెట్టి దగ్గిరికి వెళ్ళే ముందల నెల్లాళ్ళు నీరసపడిపోతన్నారంట. అలాగైతే పెట్టి తెరుసుకుంటన్నాదంట. మనం కూడా అలా సేసుకోమంటారా, ముందుముందు?"

మందు దొరకడం కోసం మందు మానుకుంటున్నారు. మానుకున్న ప్రతిసారీ కొంత కండ శాశ్వతంగా పోతుంది. మాణిక్యాంబ కనిపెట్టిన మందుకు ఇదొక పథ్యమైపోయింది.

"వద్దు ఢిల్లేసూ," అందావిడ. "నేనేదో ఒకటి చేస్తాను. ఆ పని మాత్రం చెయ్యొద్దు."

మండలికి ఇప్పటికే ఆరు ఉత్తరాలు రాసింది. ఏడోది రాసి, ఇరవై అన్న అంకె ఎక్కడ పుట్టిందో చెప్పమని అడిగింది. దానికి మాత్రం జవాబొచ్చింది. రెండువేలమంది ఆరోగ్యవంతులైన స్త్రీల పిడికిలి కొలిచి, సగటు తీసి పెట్టారట. ఏ స్త్రీలని అడిగితే, జాబితా పంపారు. మూడు నగరాల్లోని కాలేజీలు, ఆఫీసులు, బ్యాంకులు. రోజంతా కీబోర్డు మీద వేళ్ళాడించే చేతులు.

జాబితా బల్ల మీద పడేసి ఆవిడ పలాస రైలెక్కింది. తవిటమ్మ పనిచేసే బట్టీకి అంతకు ముందెప్పుడూ వెళ్ళలేదు. అరవైమంది ఆడవాళ్ళు వరసగా మరల ముందు నిలబడి ఉన్నారు. ఎడంచేత్తో పిక్క పెట్టి, కాలితో తొక్కి, కుడిచేత్తో పిడి పట్టి లాగితే పిక్క రెండుగా చీలి లోపలి పప్పు బయటపడుతుంది. పిక్కల్లోంచి జీడి నూనె కారి వేళ్ళు నల్లగా కాలిపోయి ఉన్నాయి. ఒక్కొక్కరూ రోజుకు మూడు నాలుగు వేలసార్లు ఆ పిడి లాగుతారు. తవిటమ్మ తన మర దగ్గరే ఉంది గానీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని లాగుతోంది. మాణిక్యాంబను చూసి లేవబోయి, బల్ల పట్టుకుని ఆగిపోయింది.

పక్క మర దగ్గరున్న దమయంతి అనే నలభై ఏళ్ళావిడ చెయ్యి పట్టుకుని మాణిక్యాంబ, "ఒకసారి నా చెయ్యి నొక్కు," అంది. దమయంతి మొహమాటపడుతూనే నొక్కింది. మాణిక్యాంబ కెవ్వుమంది.

"అయ్యో, మెల్లిగానే నొక్కినాను గదమ్మా," అంది దమయంతి.

ఆ మధ్యాహ్నం పన్నెండుమంది బట్టీ ఆడవాళ్ళు భోజనాల వేళలో కేంద్రానికి వచ్చి వరసగా నిలబడ్డారు. వాళ్ళలో ఒక్కరూ ఊత మొహం చూసినవాళ్ళు కారు. జోగారావు మొదట ఇది తన ఉద్యోగానికి ఎసరన్నాడు. తవిటమ్మ పేరు చెప్పేసరికి మెత్తబడి పెట్టె ఆన్ చేశాడు. దమయంతికి ముప్పై నాలుగు పడింది. ఆ వెనకామెకు ముప్పై. ఆ తర్వాత ఇరవై తొమ్మిది, ముప్పై మూడు. అందరిలోకీ తక్కువ ఇరవై ఆరు, ఆవిడ ఆర్నెల్ల గర్భిణి. పన్నెండుసార్లూ ఎర్రదీపం వెలిగింది. మాణిక్యాంబ ఆ అంకెలన్నీ రాసుకుని, సంతకాలు తీసుకుని, మండలికి పంపించింది. దీంతో కళ్ళు తెరుస్తారని ఆవిడ నమ్మకం.

కళ్ళయితే తెరిచారు. ఐదోనాడు రెండు జీపులు బట్టీ ముందు ఆగాయి. ఒకే ఊళ్ళో, ఒకే పనిచోట, పన్నెండుమంది స్త్రీలలో అసాధారణ బలం కనబడింది కాబట్టి అక్కడ దొంగ స్టెరాయిడ్ల వ్యాపారం జరుగుతోందని మండలి తనిఖీ దళం నిర్ణయించింది. పప్పు బస్తాలు విప్పించారు. ఆడవాళ్ళ భోజనం క్యారేజీలు తెరిపించారు. అరవైమందికీ రక్తం తీశారు. బట్టీ రెండు రోజులు మూతపడింది. దమయంతి గాజులు పైకి తోసి, కండ ఎక్కడిదని అడిగిన అధికారికి, "మా మేనత్త ఇచ్చినాది బాబూ, తొమ్మిదోయేట మరకాడ నిలబెట్టీసి," అని చెప్పింది. అతను అది కూడా రాసుకున్నాడు, అత్త పేరేమిటని అడిగి.

మూడు వారాలకు రక్త పరీక్షలొచ్చాయి. ఒక్కరిలోనూ ఏమీ లేదు. మండలి క్షమాపణ చెప్పలేదు. దర్యాప్తు ముగిసినది అని ఒక వాక్యం పంపింది. విషయం విచారణకు తీసుకుంటున్నామనీ, రోగితో సహా హాజరు కావాలనీ ఇంకో వాక్యం. అప్పటికి తవిటమ్మకు సూది ఆగి తొమ్మిది వారాలు. బట్టీకి పోవడం మానేసింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదని రెండు తలగడలు పెట్టుకుని నిద్రపోతోందని ఢిల్లేసు చెప్పాడు. ఆ తలగడల మాట మాణిక్యాంబకు కొత్త కాదు. తవిటమ్మ తల్లి చివరి ఏడాది ఎలా గడిచిందో కేసు కాగితాల్లో ఆవిడ ఎన్నోసార్లు చదివింది.

* * *

విచారణ పదకొండో వారంలో, రాజధానిలో, మండలి కార్యాలయంలో జరిగింది. పొడుగాటి బల్లకు అవతల ఐదుగురు, ఇవతల ముగ్గురు. ఢిల్లేసు తవిటమ్మను లిఫ్టు దగ్గర్నుంచి నడిపించుకొచ్చాడు. కారిడార్లో రెండుచోట్ల కూర్చోవాల్సి వచ్చింది. మండలి అధ్యక్షుడు విఠలేశ్వరరావు లేచి నిలబడి, ఆమెకు కుర్చీ జరిపి, టీ తెప్పించాడు. అరవై ఏళ్ళ పెద్దమనిషి, మెత్తని గొంతు. అరిచేవాడైతే మాణిక్యాంబకు పని సులువయ్యేది.

"మీ ఉత్తరాలన్నీ చదివాను డాక్టర్ గారూ. కానీ గీత అన్నాక ఎక్కడో ఒకచోట గియ్యాలి కదండీ."

"గీయండి. గీసేముందు మనిషిని చూడండి. ఈమె జబ్బు పడక ముందు ముప్పై నాలుగు కేజీలు నొక్కే మనిషి. ఆ ఊళ్ళో ఈమె తోటివాళ్ళంతా ముప్పైకి అటూ ఇటూ నొక్కుతున్నారు, అంకెలు మీ దగ్గరే ఉన్నాయి. మందు ఈమెను ఎక్కడ ఉండాలో అక్కడికి తెచ్చింది, ఒక్క కేజీ కూడా ఎక్కువివ్వలేదు."

"జబ్బు పడక ముందు ముప్పై నాలుగని రికార్డు ఉందాండీ?"

"పిక్కలు కొట్టే ఆడపిల్ల పిడికిలికి రికార్డు ఎవరు రాస్తారండీ?"

ఆయన తల పంకించాడు, నిజమేనన్నట్టు. పక్కనున్న సభ్యుడు కాగితాలు తిప్పి అన్నాడు. "ఆ పన్నెండుమందీ ఆరోగ్యవంతులు. ఆరోగ్యవంతుల అంకెలు రోగికి వర్తించవు కదా మేడమ్."

"మీరు ఈమె రోగి కాదని తేల్చింది ఆరోగ్యవంతుల అంకెలతోనే కదా?"

ఆ సభ్యుడు టీ తాగాడు. అధ్యక్షుడు పదిహేడో పేజీ తెరిచి, అంగీకార పత్రం నకలు బల్ల మీద ఇటువైపు తిప్పి పెట్టాడు. మాణిక్యాంబ తన చేతిరాతను గుర్తుపట్టింది.

"బలానికి మందు. మీరే రాశారు కదండీ."

"రాశాను. ఆ మాటకు మా జనంలో ఉన్న అర్థం వేరండీ. లేచి తిరగలేనివాళ్ళను లేచి తిరిగేలా చేసేది బలానికి మందు. మీరు తెలుగువాళ్ళే. మీ ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదా?"

"మా అమ్మ రోజూ అనేదండీ," అన్నాడాయన, ఇష్టంగానే. "కానీ చట్టంలో నిఘంటువు అర్థమే తీసుకుంటాం."

తిడదామంటే తిట్టడానికి ఎదురుగా దుర్మార్గుడెవడూ లేడు. అందరూ తలలూపుతున్నారు, అందరూ అయ్యో అంటున్నారు. ఒక మనిషి ఊపిరి పోతుంటే మర్యాదగా కాగితాలు తిప్పుతున్నారు. తన ఎదుట కూర్చున్న మర్యాద అంతటినీ పోగేసి కిటికీలోంచి పారెయ్యాలనిపించింది మాణిక్యాంబకు.

"గీత మార్చాలంటే ఉపసంఘం వెయ్యాలి. ఏడాదిన్నర పడుతుంది," అన్నాడు విఠలేశ్వరరావు. తర్వాత ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "అన్నాళ్ళు ఆగే పని కాదు, నాకు తెలుసు. నేను రాక్షసుణ్ణి కాదండీ. ఆవిడ మందు మాని పదకొండు వారాలైంది. ఇప్పుడు ఇరవై లోపు పడితే ఈ క్షణమే సంతకం పెడతాను. సీసాలు ఇవాళే ఇప్పిస్తాను. పెట్టె తెప్పించమంటారా?"

మాణిక్యాంబ తవిటమ్మ వైపు చూసింది. తవిటమ్మ కొంగు నడుముకు దోపుకుంది. ఆ కొంగు దోపడానికే రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. పెట్టె వచ్చింది. ముంజేతికి పట్టీ చుట్టారు. ఆమెకు నటించడం చేతకాదు, చేతనైనా పట్టీ ఒప్పుకోదు. పిడి పట్టుకుని, పళ్ళు బిగించి, ఉన్నదంతా పెట్టి నొక్కింది.

ఇరవై పాయింటు నాలుగు.

గదిలో అందరూ ఉసూరుమన్నారు. అధ్యక్షుడు నిజంగా బాధపడ్డాడు. "మూడుసార్లు నొక్కొచ్చండీ. అందులో తక్కువది తీసుకుందాం, ఏం?" అని సభ్యులను అడిగాడు. నలుగురూ ఒప్పుకున్నారు. ఒకాయన మరీ మంచివాడు, "తొందరేం లేదమ్మా, బాగా అలసిపోయాకే నొక్కు," అన్నాడు.

రెండోసారి ఇరవై పాయింటు ఒకటి. ఢిల్లేసు కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. మాణిక్యాంబకు వినబడింది. "తగ్గీ తల్లీ, తగ్గీ." ఆవిడ అతన్ని కోప్పడదామనుకుంది. అప్పుడు తెలిసింది, బల్ల కింద తన పిడికిలి కూడా బిగుసుకుని ఉందని, తను కూడా అదే మొక్కుకుంటోందని. ఇంకొక్క పాయింటు. ఇంకో రెండు పాయింట్లు తగ్గనీ.

మూడోసారి తవిటమ్మ నొక్కుతుండగా వేళ్ళు వణికాయి. మెడ నరాలు పొంగాయి. పిడి ఆమె చేతిలో కొద్దిగా జారింది. పచ్చదీపం వెలిగింది.

పంతొమ్మిది పాయింటు ఏడు.

చప్పట్లు ముందు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఐదుగురు సభ్యులూ కొట్టారు. కప్పులు తీసుకుపోవడానికొచ్చిన అటెండరు ట్రే కింద పెట్టి మరీ కొట్టాడు. ఢిల్లేసు ఏడుస్తూ కొట్టాడు. మాణిక్యాంబ తన చేతుల వంక చూసుకుంది. అవీ కొడుతున్నాయి. ఆ పిడికిలి బిగుసుకోవాలని తొమ్మిదేళ్ళు ఎలుకలతో, సీసాలతో, నిద్రలేని కళ్ళతో పోరాడిన మనిషి, అది సడలిపోయినందుకు చప్పట్లు కొడుతోంది. చేతులు రెండూ ఒడిలోకి లాక్కుంది. ఆ గదిలో తవిటమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. కొట్టడానికి ఆమె కుడిచెయ్యి లేవలేదు.

విఠలేశ్వరరావు అన్నమాట ప్రకారం అక్కడికక్కడే సంతకం పెట్టాడు. పెట్టెలోంచి నాలుగు సీసాలు బల్ల మీదికొచ్చాయి.

"డాట్రమ్మగోరూ," అంది తవిటమ్మ, ఎగశ్వాస మధ్య. "పోయిన బలం మళ్ళీ వత్తాదా?"

"కొంత వస్తుందమ్మా. అంతా రాదు."

"వచ్చి మళ్ళీ ఇరవై దాటితే?"

మాణిక్యాంబ అబద్ధం చెప్పలేదు. "మళ్ళీ ఆపేస్తారు."

తవిటమ్మ బల్లకు అవతలున్న అధ్యక్షుడి వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు, బట్టీలో మేస్త్రీని పని ఎంతని అడిగినట్టే అడిగింది.

"మరైతే బాబూ, నన్నెంతవరకు బాగవ్వమంటారో మీరే సెప్పీయండి. అంతవరకే అవుతాను."

ఎవరూ నవ్వలేదు. విఠలేశ్వరరావు పెన్నుకు మూత పెట్టి ఆ ప్రశ్నను నిజంగానే ఆలోచించాడు. పక్క సభ్యుడితో ఏదో సంప్రదించాడు కూడా.

"పంతొమ్మిదిన్నర దాకా ఫర్వాలేదమ్మా," అన్నాడు.